గాజులకీ అణుబాంబుకీ ముడి పెట్టకండి

ఎడిటర్ గారికి నమస్కారం,

పాకిస్తాన్ మాటెత్తితే చాలు, టీవీ డిబేట్లో "మనమేమన్నా గాజులు తొడుక్కుని కూర్చున్నామా" అని ఎవరో ఒకరు అంటారు. వినీ వినీ అలవాటైపోయింది గానీ అణ్వాయుధాల విషయంలో ఈ దెప్పుడు చేసిన చేటు చిన్నది కాదండీ.

1998 మే 11, 13 తేదీల్లో మనం పోఖ్రాన్‌లో అణుపరీక్షలు చేశాక శివసేన నాయకుడు బాల్ ఠాక్రే గారు మనం నపుంసకులం కాదని నిరూపించాం అనే అర్థంలో మాట్లాడారు. అటు పాకిస్తాన్‌లో అప్పటి ప్రధాని నవాజ్ షరీఫ్ బదులివ్వాలా వద్దా అని నానుస్తున్న రోజుల్లో ప్రతిపక్షంలో ఉన్న బేనజీర్ భుట్టో సభలో తన చేతి గాజులు తీసి విసిరి ఆయన్ని ఎద్దేవా చేసింది, మే 28న చాగైలో వాళ్ళూ పేల్చారు. గాజుల వల్లే పేల్చారని అనను, కానీ కాస్త ఆగుదాం అనాలనుకున్నవాడు ఇక నోరెలా తెరుస్తాడు? ఆ గాజులు విసిరింది రెండుసార్లు ప్రధానిగా చేసిన మహిళ, అందుకే ఆడవాళ్ళు కుర్చీ ఎక్కితే చాలు శాంతి వచ్చేస్తుందని కూడా నేను నమ్మను. 2024 మేలో కశ్మీర్ నాయకుడు ఫరూక్ అబ్దుల్లా పాకిస్తానేమీ గాజులు తొడుక్కుని లేదు, వాళ్ళ దగ్గరా అణుబాంబులున్నాయి అన్నారు, మోదీ గారు ముజఫర్‌పూర్ సభలో అయితే మేమే తొడిగిస్తాం అన్నారు. పార్టీలు వేరే గానీ కొలత ఒకటే.

1954లో అణుపరీక్షలు ఆపండని ప్రపంచాన్ని అడిగింది నెహ్రూ గారు. 1988లో ఐక్యరాజ్యసమితిలో, 2010 కల్లా అణ్వాయుధాలే లేకుండా చేద్దామని ప్లాన్ పెట్టింది రాజీవ్ గాంధీ. అప్పుడది దేశానికి గౌరవం, ఇప్పుడు అదే మాటంటే పిరికితనం! 2017లో 122 దేశాలు ఓటేసిన అణ్వాయుధాల నిషేధ ఒప్పందం చర్చలకి మనం వెళ్ళనే లేదు. రేడియేషన్ దెబ్బ ఆడవాళ్ళకీ ఆడపిల్లలకీ ఎక్కువని అందులో రాసి ఉంది. పక్కన చైనా ఉంది కాబట్టి చేరొద్దంటే అది వాదన, దానికి జవాబు చెప్పుకోవచ్చు, గాజుల మాటకి ఏం జవాబు చెప్తాం? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా దుకాణం మూయించినవి గాజుల చేతులే కదండీ.

దయచేసి అణ్వాయుధాల వార్తలకి హెడ్డింగుల్లో ఈ మగతనం, గాజులు తీసేయండి. వీలైతే ఆ 2017 ఒప్పందంలో ఏముందో తెలుగులో ఒక పేజీ వేయండి, చదివి మేమే తేల్చుకుంటాం.

ఇట్లు,
మీ పాఠకురాలు, ఒంగోలు