అడిగిందేమిటి, చెప్పిందేమిటి?

సంపాదకుడు గారికి,

నమస్కారం. పోయిన వారం మీ సిటీ పేజీలో విజయవాడలోని మా వార్డు సమావేశం వార్త వేశారు. స్థానికులు వాగ్వాదానికి దిగారని, అధికారులు వివరణ ఇచ్చారని రాశారు. అది చదివితే జనం అరిచారు, అధికారులు ఓపిగ్గా జవాబు చెప్పారు అనిపిస్తుంది. నేను ఆ రోజు రెండో వరసలోనే కూర్చున్నాను. వాగ్వాదం సంగతి ఎలా ఉన్నా, వివరణ మాత్రం ఎక్కడా వినపడలేదు. వెంటనే రాద్దామనుకున్నాను కానీ కోపం తగ్గాక రాయమని మా ఆవిడ అంది. తగ్గలేదు, రాస్తున్నాను.

మేం అడిగింది ఒక్కటే. మా వీధి సైడు కాలువలో పూడిక కిందటిసారి ఎప్పుడు తీశారు, దానికి ఎంత బిల్లు చెల్లించారు? తేదీ ఒకటి, అంకె ఒకటి చెబితే అరనిమిషంలో అయిపోయే పని. ఎందుకు అడిగామంటే, తీసిన పూడికను గట్టునే కుప్ప పోసి "ఆరాక ఎత్తుతాం" అని వెళ్లిపోతారు. అది ఆరేదెప్పుడు? బైకులు దాని మీద నుంచే పోతాయి, కుక్కలు కెలుకుతాయి, ఈలోగా ఒక జల్లు పడుతుంది. ప్లాస్టిక్ కవర్లతో సహా మొత్తం మళ్లీ కాలువలోకే. వచ్చే ఏడు అదే మట్టిని మళ్లీ తీస్తారు. ఒకే మట్టికి ఎన్ని బిల్లులో తెలుసుకోవాలని ఉండదా మరి?

మొదట వచ్చిన జవాబు: "ముందు మీరు కాలువలో చెత్త వేయడం మానండి." వేస్తున్నారు, కాదనను. ఎవరు వేస్తారో ఇంటి నంబర్లతో చెప్పగలను. అయినంత మాత్రాన పూడిక తీసిన తేదీ రికార్డులోంచి ఎగిరిపోతుందా?

తర్వాత బ్యారేజీ ఎక్కారు. "11.43 లక్షల క్యూసెక్కులు వస్తే ఎవరేం చేయగలరండీ?" అన్నారు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీకి అంత వరద వచ్చిన మాట నిజమే. ఈ ఊళ్లో చిన్నపిల్లాడిని అడిగినా ఆ అంకె చెబుతాడు. కానీ ఇక్కడి సింగ్ నగర్‌ను ముంచింది బుడమేరు వాగు. దాని నీళ్లను కృష్ణలోకి మళ్లించే డైవర్షన్ కాలువ కట్టకు మూడుచోట్ల గండ్లు పడి ఆ నీళ్లు ఊరి మీదికి వచ్చాయి. కృష్ణ నిండుగా ఉంటే ఆ కాలువ నీళ్లు నదిలో కలవడం కష్టం, అదీ ఒప్పుకుంటాను. ఇవన్నీ నిజాలే. మా సైడు కాలువకు వీటితో ఏం పని? మా వీధిలో మోకాలి లోతు నీళ్లు నిలవడానికి కృష్ణకు వరద రానక్కర్లేదు, సాయంత్రం గంటసేపు వాన చాలు. తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నాడట వెనకటికొకడు.

బ్యారేజీ దిగి చెన్నై వెళ్లారు. 2015లో చెన్నై మునగలేదా, 2005లో ముంబై మునగలేదా అన్నారు. మునిగాయి. అక్కడి వాళ్లు కూడా అక్కడి అధికారులను పూడిక ఎప్పుడు తీశారనే అడిగి ఉంటారు.

ఈ లోపల వెనక నుంచి ఒకావిడ లేచి అదే ప్రశ్న మళ్లీ అడిగింది. "మీరే పార్టీ అమ్మా?" అన్నారు. ఆవిడ "నాకు ఇడ్లీ బండి ఉంది సార్, పార్టీ లేదు" అంది. హాలంతా నవ్వింది. మీ వార్తలో ఈ ముక్క లేదు. నేను లేచేసరికి "మీరు ఇంజినీరా?" అన్నారు. లెక్కల మాస్టారినన్నాను. "మరి టెక్నికల్ విషయాలు మీకెలా తెలుస్తాయి?" తేదీ చదవడానికి బీటెక్ ఎందుకో నాకు అర్థం కాలేదు. చివరికి "అయితే పనులన్నీ ఆపేయమంటారా?" అని మా మీదికే వచ్చారు. ఆపమని ఎవరన్నారు మహాప్రభో? చేసిన పని చూపించమన్నాం.

ఇవేమీ కొత్త విద్యలు కావు. గౌతమ మహర్షి తర్కశాస్త్రం, న్యాయసూత్రాల్లో, వాదంలో ఓడినట్టు లెక్కగట్టే సందర్భాలు, నిగ్రహస్థానాలు, 22 చెప్పారు. తన మీద వచ్చిన తప్పును తోసిపుచ్చకుండా "నీలోనూ ఉందిగా" అనడం అందులో ఒకటి, మతానుజ్ఞ. సంబంధం లేని సంగతి ఎత్తుకోవడం అర్థాంతరం. పని ఉందని చెప్పి చర్చ మధ్యలో లేచిపోవడం విక్షేపం. ఇంత పాత శాస్త్రంలో ఇది కూడా ఉందని చెబితే నమ్మరు గానీ, ఆ రోజు సమావేశం ముగిసింది "టెలికాన్ఫరెన్స్ ఉంది" అన్న మాటతోనే. మూడు నిగ్రహస్థానాలు ఒకే మధ్యాహ్నం. దాన్ని మీరు వివరణ అన్నారు.

అధికారులనే అని లాభం లేదు లెండి. టీవీ చర్చల్లో ఇప్పటి సంగతి అడిగితే "మీ హయాంలో ఏం చేశారు?" అంటారు, గంట గడిచిపోతుంది. బీసెంట్ రోడ్డులో షాపు ఉన్న ఒక పెద్దమనిషి నాకు చెప్పాడు: కనకదుర్గ ఫ్లైఓవర్ 2020లో తెరిచారు, ఆ తర్వాతే ఇంత వరద వచ్చింది, కాబట్టి ఫ్లైఓవర్ వల్లే అని. ముందు జరిగిందల్లా కారణమైతే ఆయన షాపు కూడా 2020కి ముందు నుంచే ఉంది. పదో తరగతి లెక్కల్లో ఒకప్పుడు మొదటి పాఠమే ప్రవచనాలు (అంటే నిజమో అబద్ధమో తేల్చగల వాక్యాలు), సమితులు. వాన పడితే రోడ్డు తడుస్తుంది, అంతమాత్రాన తడిసిన రోడ్డంతా వాన పడినట్టు కాదని పిల్లలకు అక్కడ చెప్పేవాళ్లం. తర్వాత వచ్చిన పుస్తకాల్లో సమితులు ఉంచి, ప్రవచనాలు తీసేశారు. ఎవరికి అడ్డొచ్చాయో!

మీకు నా విన్నపం చిన్నది. వచ్చే సమావేశం వార్తలో జనం అడిగిన ప్రశ్న వేయండి. జవాబు వస్తే అది వేయండి, రాకపోతే రాలేదని వేయండి. మీ రిపోర్టరు కుర్రాడు మంచివాడే, సమోసాలు పంచాక కూడా ఉంటే బాగుంటుంది. నేనైతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడుతున్నాను. 30 రోజుల్లో జవాబివ్వాలట. అందులోనైనా చెన్నై ప్రస్తావన ఉండదని ఆశ.

ఇట్లు,
ఒక విశ్రాంత లెక్కల మాస్టారు, విజయవాడ