ఎమ్మెల్యే జడ్జి అయితే తప్పేమిటి?

సంపాదకులు గారికి నమస్కారం.

రాజకీయాల్లో తిరిగినవారు జడ్జిలు కావచ్చా అని మీ పత్రికలో పాఠకులు రాస్తున్న ఉత్తరాలు చదువుతున్నాను. వద్దనేవారి భయం నాకు తెలుసు. కానీ ఒక్కరైనా వి.ఆర్. కృష్ణయ్యర్ పేరెత్తకపోవడం బాధనిపించింది.

ఆయన తలశ్శేరిలో వకీలు. 1948లో నెల రోజులు జైల్లో ఉన్నారు. 1952లో మద్రాసు శాసనసభకు గెలిచారు. ఆంధ్ర రాష్ట్రం ఇంకా రాలేదు కాబట్టి మన తెలుగు సభ్యులు కూర్చున్నదీ ఆ సభలోనే. 1957లో కేరళలో నంబూద్రిపాద్ మంత్రివర్గంలో న్యాయశాఖతో పాటు జైళ్లు కూడా చూశారు. 1965 ఎన్నికల్లో ఓడిపోయారు. 1968లో హైకోర్టు జడ్జి, 1973లో సుప్రీంకోర్టు జడ్జి అయ్యారు.

నేను 28 ఏళ్లు ప్లీడరు గుమాస్తాగా చేశాను. ఆయన పేరు వింటే నాకు 1978 నాటి మోతీరామ్ కేసే గుర్తొస్తుంది. అతను మధ్యప్రదేశ్‌లో తాపీమేస్త్రీ. బెయిల్ వచ్చినా 10,000 రూపాయలకు జామీను కావాలన్నారు. అన్నదమ్ముడు నిలబడతానంటే, ఆస్తి వేరే జిల్లాలో ఉందని కాదన్నారు. కృష్ణయ్యర్ 1,000 రూపాయల సొంత బాండు మీద వదిలేయమన్నారు. బస్తర్‌లోనో చాందినీ చౌక్‌లోనో కేసులో ఇరుక్కున్న తెలుగువాడు అక్కడ ఆస్తిపాస్తులున్న జామీనుదారుణ్ని ఎక్కణ్నుంచి తెస్తాడని ఆ తీర్పులోనే అడిగారు. జైల్లో ఉండి, ఓట్ల కోసం ఊళ్లు తిరిగి, జైళ్ల మంత్రిగా చేసిన మనిషికే ఆ ప్రశ్న తడుతుందని నా నమ్మకం.

పార్టీవాళ్లకు మేలు చేస్తారేమో అనేవారు 1975 జూన్ 24 గుర్తు చేసుకోవాలి. తన ఎన్నిక చెల్లదని అలహాబాద్ హైకోర్టు ఇచ్చిన తీర్పు మీద ఇందిరాగాంధీ పూర్తి స్టే అడిగారు. ప్రధానిగా ఉండొచ్చు, లోక్‌సభలో ఓటు మాత్రం వేయకూడదన్నారాయన. మర్నాడు రాత్రే ఎమర్జెన్సీ వచ్చింది.

మా ఊరి ఇటుకబట్టీకి ఒడిశా నుంచి పనికొచ్చిన కుర్రాడొకడు చిన్న దొంగతనం కేసులో బెయిల్ వచ్చాక కూడా 43 రోజులు జైల్లోనే ఉన్నాడు. లోకల్ షూరిటీలే, అంటే ఆ ఊరి జామీనుదారులే కావాలన్నారు. మోతీరామ్ తీర్పు నకలు నేనే తీసి మా ప్లీడరుగారి చేతిలో పెట్టాను. అప్పటికి ఆ తీర్పు వచ్చి పాతికేళ్లు దాటింది. వాళ్లమ్మ ప్రతి వాయిదాకీ వచ్చి కోర్టు ఆవరణలో వేపచెట్టు కింద కూర్చునేది. మా భాష ఆమెకు రాదు, ఆమె భాష మాకు రాదు.

జడ్జిగా ఎవరు రావాలనే చర్చ జరగనివ్వండి. దాంతో పాటు, షూరిటీ దొరక్క జైల్లో మిగిలిపోయినవాళ్ల గురించి కూడా దయచేసి రాయించండి.

— ఒక విశ్రాంత ప్లీడరు గుమాస్తా