అమ్మ కువైట్‌లో ఉంటే ఇక్కడ సంతకం ఎవరు పెట్టాలి? తిరుపతి జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి నమస్కారం.

పాకాల, చిన్నగొట్టిగల్లు, యర్రావారిపాళెం వైపు పల్లెల్లో తల్లి కోయిట్‌కు పోవడం, పిల్లలు అవ్వ దగ్గరో మేనమామ ఇంట్లోనో పెరగడం కొత్త సంగతి కాదు. వాళ్లకు అన్నం పెట్టేది, జ్వరమొస్తే ఆస్పత్రికి ఎత్తుకుపోయేది ఆ అవ్వే. దరఖాస్తుల్లో మాత్రం తండ్రికో కాలమ్, తల్లికో కాలమ్ ఉంటాయి, ఆమెకు ఉండదు. ఆ మూడో కాలమ్ కోసమే ఈ లేఖ. డబ్బు అడగడం లేదు. పిల్లల సంరక్షణ పథకం మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయలు అనాథలకు, వితంతువుల పిల్లలకు ఇస్తున్నారు, అది వాళ్లకే చేరాలి. మేం చెప్పే పిల్లల్లో చాలామందికి తల్లి ఉంది, సంపాదిస్తోంది. చేతికందే దూరంలో లేదు, అంతే.

బడికి పోయే పిల్లల కోసం ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బు సంగతే చూడండి. 13,000 రూపాయలు తల్లి ఖాతాలో పడతాయి. చిక్కంతా తీసుకునే దగ్గరే. ఏటీఎం కార్డు ఆమెతోపాటే విమానం ఎక్కింది. ఓటీపీ వచ్చేది ఇక్కడి సిమ్ముకు. 90 రోజులు వాడకపోతే ఆ సిమ్ము ఆగిపోతుంది, కొన్నాళ్లకు నంబరు వేరొకరికి పోతుంది. బ్యాంకుకు, ఆధార్‌కు, బడి రికార్డుకు అదే నంబరు ఇచ్చి ఉంటారు కాబట్టి మూడూ ఒకేసారి మూగబోతాయి. ప్రయాణానికి ముందైతే ఇది ఒక పూట పని. బిడ్డ ఆధార్‌కు, బడి రిజిస్టరుకు ఇంట్లో ఉండే మనిషి ఫోన్ నంబరు ఇవ్వాలి. తల్లి సిమ్మును రీచార్జితో నడుపుతూ ఉండాలి. పదేళ్లు దాటిన బిడ్డ తన పేరిటే పొదుపు ఖాతా తెరిచి తానే నడపొచ్చని రిజర్వ్ బ్యాంకు చెబుతోంది, కౌంటరు దగ్గర మాత్రం ఇంకా "మీ అమ్మను పిలుచుకురా" అనే వింటున్నాం.

మేనమామ ఊరి బడిలో చేర్చాలంటే పాత బడి టీసీ కావాలంటారు. టీసీ ఆలస్యమైందని ఎనిమిదో తరగతి లోపు పిల్లల చేరిక ఆపకూడదని 2009 విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్‌లో స్పష్టంగా ఉంది. ఆ సెక్షన్‌ను ప్రతి బడి నోటీసు బోర్డులో అతికించినా చాలు, సగం తిరుగుడు తప్పుతుంది.

తల్లి బదులు సంతకం పెట్టే అధికారమిచ్చే పత్రం, పవర్ ఆఫ్ అటార్నీ, ఎంబసీలో రాయించి పంపమని సలహా ఇస్తారు. ఇంటిపనికి పోయిన మనిషి పాస్‌పోర్టు చాలాసార్లు సేటు (పనిలో పెట్టుకున్న యజమాని) బీరువాలో ఉంటుంది, ఎంబసీ దాకా పోవాలంటే సేటు సెలవివ్వాలి. ఎలాగో పంపినా, బయటి దేశంలో రాసిన పత్రానికి ఇక్కడికి చేరిన 3 నెలల్లోపు స్టాంపు సుంకం కట్టాలి. ఆ గడువు సంగతి చాలామందికి తెలియదు. బిడ్డకు సంరక్షకులను కోర్టు నియమించే 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం పట్టుకుని జిల్లా కోర్టుకు పొమ్మనడం అవ్వలకు చెప్పే మాట కాదు.

కావలసింది ఒక పేజీ సంరక్షణ పత్రం. తల్లి బయల్దేరేముందే గ్రామ సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్ ఎదుట ఆమె, బిడ్డను చూసుకోబోయే మనిషి ఇద్దరూ సంతకం చేయాలి. పనిచేయబోయే ఇంటి చిరునామా, వీసా గడువు, అక్కడి ఫోన్ నంబరు అందులో ఉండాలి. అవ్వ మంచాన పడితే ఎవరు చూస్తారో ఆ రెండో పేరూ రాయాలి. దీన్ని ఎవరూ అడగరు, తీరా అవసరపడేది అదే. పత్రం బడికి, అంగన్‌వాడీకి, రేషన్‌కు, ఆస్పత్రికి చెల్లుతుంది. ఆస్తికి, దత్తతకు, పెళ్లికి చెల్లదు. పెళ్లి మాట ప్రత్యేకంగా రాయించండి. తల్లి లేని సమయం చూసి పద్నాలుగేళ్ల పిల్లకు సంబంధం ఖాయం చేసే మేనరికాలు ఇంకా పోలేదు. గడువు ఒక ఏడాది చాలు, ఏటా జూన్‌లో కొత్తది ఇవ్వొచ్చు. వైద్యానికి ఇది కొత్త అధికారమేమీ కాదు. 12 ఏళ్లలోపు బిడ్డ మేలు కోసం చేసే పనికి సంరక్షకులే కాక, చట్టబద్ధంగా బిడ్డ బాధ్యత చూస్తున్న మరో మనిషి కూడా సమ్మతి ఇవ్వొచ్చని భారతీయ న్యాయ సంహిత 27వ సెక్షన్ చెబుతోంది. ఆ మనిషి ఎవరో డాక్టరుకు చూపించే కాగితమే లేదు.

కాగితాల తర్వాత బిడ్డ మాట. మొదటి రెండు మూడు వారాలు బిడ్డ బుద్ధిగా ఉంటుంది, చెప్పిన పని చేస్తుంది, ఏడవదు. "అలవాటు పడిపోయింది" అని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. అసలు కష్టం చాలాసార్లు ఆ తర్వాతే బయటపడుతుంది. మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవుతుంది. సరిగ్గా బడికి బయల్దేరే వేళకు కడుపునొప్పి వస్తుంది. దిండు కింద బిస్కెట్లు దాచుకుంటుంది. కొడితే ఇవి ముదురుతాయి. నిద్రపోతుండగా తల్లి వెళ్లిపోయిన ఇళ్లలో బిడ్డ నిద్రపోవడానికే భయపడుతుంది, అవ్వ కొంగు పట్టుకునే పడుకుంటుంది. మెలకువగా ఉన్నప్పుడే చెప్పి పోవాలి, ఏడ్చినా సరే. "రేపొస్తుంది" అని అబద్ధం చెప్పకూడదు. చిన్నపిల్లలకు తేదీలు తెలియవు, "ఇంకో రెండు గంగజాతరలు పోతే వస్తుంది" అంటే తెలుస్తుంది. వీలైతే బయల్దేరేముందు తల్లి రెండు వారాలు ఆ ఇంట్లోనే బిడ్డతో ఉండి, స్నానం, జడ, అన్నం మెల్లగా అవ్వ చేతికి అప్పజెప్పాలి.

ఫోన్ వేళ కూడా ముఖ్యమే. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. తల్లి పని ముగించి రాత్రి 10కి ఫోన్ చేస్తే ఇక్కడ పన్నెండున్నర. నిద్రలో లేపిన బిడ్డ మాట్లాడదు, అక్కడ తల్లి ఏడుస్తుంది. శుక్రవారం సెలవు దొరికితే మన సాయంత్రం 5 గంటలు మంచి వేళ, అక్కడ మధ్యాహ్నం రెండున్నర. వారానికి ఒక్కసారైనా సరే, అదే రోజు అదే వేళ కావాలి. "నన్ను మరచిపోయావా" అని అడగొద్దని తల్లులకు చెప్పాలి, బిడ్డ దగ్గర దానికి జవాబుండదు. కోయిట్ పెట్టెలో వచ్చిన చాక్లెట్లను మేనమామ పిల్లలకు ఆ బిడ్డ చేతే పంచిపెట్టిస్తే ఇంట్లో సగం తగాదాలు తగ్గుతాయి. "ఈ నెల మీ అమ్మ డబ్బు పంపలేదు" అన్న మాట బిడ్డ చెవిన పడకూడదు. అది విన్నాక కొందరు పిల్లలు రెండోసారి అన్నం అడగరు.

ఇవన్నీ ఇంటింటికీ చెప్పగలిగేది అంగన్‌వాడీ కార్యకర్త, మహిళా పోలీసు, క్లాసు టీచరు. పత్రం ఇచ్చిన మూడో వారంలో ఒకసారి, మూడో నెలలో ఒకసారి వాళ్లలో ఎవరైనా ఆ ఇంటికి పోయి, బిడ్డతో విడిగా ఓ పది నిమిషాలు మాట్లాడాలి. అందరి ముందు అడిగితే "బాగున్నా" తప్ప ఇంకో మాట రాదు. తేడా కనిపిస్తే పిల్లల సహాయానికి 1098 ఫోన్ నంబరు, జిల్లా బాలల సంరక్షణ విభాగం ఎలాగూ ఉన్నాయి. 2024 డిసెంబర్ 7న మొదలైన మెగా తల్లిదండ్రుల సమావేశాల ఆహ్వానంలో ఈ పిల్లలకు అవ్వ పేరో మామ పేరో రాసి పంపండి. పేరు లేని కాగితం చూసి "మనల్ని కాదులే" అనుకుని వాళ్లు రావడం లేదు.

జూన్ 12న బడులు తెరిచేలోగా ఒక్క మండలంలో మొదలుపెట్టి చూడండి. నమూనా పత్రం మేమే రాసి, సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో మీకు అందజేస్తాం. అందులో ఏ వాక్యం చెల్లదో మీ న్యాయ సలహాదారు కొట్టేసి ఇస్తే, మిగిలినదాన్ని సచివాలయాలకు పంపవచ్చు.

ఇట్లు,
పల్లె బడుల్లో, అంగన్‌వాడీల్లో పనిచేస్తున్న కొందరం
తిరుపతి జిల్లా