శుభ్రం చేసే ముందు ముడి పాట దాచండి

సంపాదకుడు గారికి,

సిన్ సిసముత్, రొస్ సెరెయ్‌సొథియా, పాన్ రాన్ పాడిన 1960ల కంబోడియా పాటలు ఇప్పుడు ఫోన్లలోనూ వినిపిస్తున్నాయి. ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు దళం పాలన (1975-79) మింగేసిన గొంతులివి. మళ్లీ వినగలగడం సంతోషమే. కానీ తిరుగుతున్న వాటిలో చాలావరకు వాళ్లు స్టూడియోలో పాడిన పాట యథాతథంగా లేదు. చాలా మాస్టర్ టేపులు (స్టూడియోలో మొదట రికార్డు చేసిన అసలు టేపులు) పోయాయి. తర్వాత క్యాసెట్లకు ఎక్కించినవాళ్లు పైన డ్రమ్ మెషిన్ వాయించారు, వేగం పెంచారు. 1996లో అమెరికాలో వచ్చిన 'కంబోడియన్ రాక్స్' సంకలనం మీదైతే గాయకుల పేర్లే లేవు.

నిమిషానికి 45 చుట్లు తిరగాల్సిన గ్రామఫోన్ ప్లేటు 47.7 చుట్లు తిరిగితే ఒకటి శ్రుతి పాట అర మెట్టు పైకి, ఒకటిన్నర శ్రుతికి ఎక్కుతుంది, గొంతు పలచబడుతుంది. వేగాన్ని సరిదిద్దుకోవచ్చు. పైన అతికించిన డ్రమ్ములను మాత్రం మచ్చ లేకుండా తీయలేం. అందుకే అసలు ప్లేటు ఒక్కటి దొరికినా అంత విలువ.

దొరికిన ప్లేటును వెంటనే మోగించకూడదు. గాడిలో ఇరుక్కున్న ఇసుకను ముల్లు గాడి గోడకేసి రుద్దేస్తుంది. ముందు డిస్టిల్డ్ వాటర్‌తో, మెత్తని బ్రష్‌తో గాడి వెంట కడిగి పూర్తిగా ఆరనివ్వాలి, లేబుల్ తడవకూడదు. మోనో ప్లేటుకు 25 మైక్రాన్ల ముల్లు పెడితే, స్టీరియోకు వాడే 18 మైక్రాన్ల ముల్లు కంటే గాడిలో కాస్త పైన కూర్చుంటుంది. అడుగు అరిగిపోయినా పైగోడ మీద పాట బతికి ఉండొచ్చు. మోనో అయినా రెండు చానళ్లూ విడివిడిగా ఎక్కించుకోవాలి. ఒక్కో చానల్ గాడి ఒక్కో గోడ నుంచి వస్తుంది, తరచుగా ఒక గోడ రెండోదానికంటే బాగుంటుంది.

క్యాసెట్ మాత్రమే మిగిలితే, ప్రతి క్యాసెట్‌కూ టేపును చదివే హెడ్ వాలు విడిగా సరిచూడాలి. వాలు తప్పితే తాళాల మెరుపు, 'స' ధ్వని మూగబోతాయి, కంప్యూటర్‌లో తర్వాత ఎంత పెంచినా టేపు బుసే పెరుగుతుంది.

అన్నిటికంటే ముఖ్యం: ప్లేటు నుంచి ఎక్కించిన ముడి ఫైలును, అంటే 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ నాణ్యత గల వేవ్ ఫైలును, చిటపటలతో సహా అలాగే దాచాలి. శుభ్రం చేసేది దాని నకలునే. రెండు వైపులా లేబుళ్ల ఫోటోలు తీయాలి, లేబుల్ పక్కన నున్నటి భాగంలో గీకిన అంకెలూ రాసుకోవాలి. ఏ ప్లేటు ఏ అచ్చులోదో ఆ అంకెలే చెబుతాయి.

నిమిషానికి 78 చుట్లు తిరిగే మన పద్యనాటకాల ప్లేట్లను డిజిటల్ చేస్తున్న గ్రంథాలయాలు, విశ్వవిద్యాలయాలు కూడా ముడి ఫైలు ఉంచుతున్నామని బహిరంగంగా ప్రకటించాలి. ఇళ్లలో ఆ ప్లేట్లు ఉన్నవారికి ఒక మనవి: లక్కతో చేసినవి కాబట్టి స్పిరిట్‌తో తుడవకండి, లక్క కరిగిపోతుంది. ఒకదానిమీద ఒకటి పడుకోబెట్టకుండా నిలువుగా పెట్టండి.

– పాత రికార్డుల అభిమాని, తెనాలి