ముందు కొక్కెం చూడు, తర్వాత ఫ్యాన్

చిట్టితల్లికి,

కొత్త ఇంటికి ఏ ఫ్యాన్లు తీసుకోమంటావు నాన్నా అని అడిగావు. నువ్వు పంపిన ఫొటోలన్నీ చూశాను. రంగులు బాగున్నాయి, రెక్కల తీరు బాగుంది. కానీ వాటిలో ఒక్కటైనా పైన కొక్కెం ఫొటో లేదు. నా జీవితమంతా వైరింగ్ పనిలోనే గడిచింది కదా, నా చూపు ముందు అక్కడికే పోతుంది. మీరంతా ఒళ్లు మరిచి నిద్రపోయేటప్పుడు నాలుగైదు కిలోల బరువు మీ తలల మీద నిమిషానికి 300 చుట్లకు పైగా తిరుగుతూ ఉంటుంది. దాన్ని పట్టుకుని ఉండేది ఆ వంచిన ఇనుప కడ్డీ ఒక్కటే.

శ్లాబ్ పోసేటప్పుడే చువ్వలకు కట్టి పెట్టిన కొక్కెమైతే దిగులు లేదు. తర్వాత డ్రిల్లు వేసి పెట్టిందైతే దేనితో బిగించారో అడుగు. కాంక్రీటులోకి దిగి విచ్చుకునే యాంకర్ బోల్టు అయితే సరే. రంధ్రంలో కూరిన చెక్క ప్లగ్గులోనో ప్లాస్టిక్ ప్లగ్గులోనో దిగ్గొట్టిన మర అయితే మాత్రం దానికి ఫ్యాన్ తగిలించనివ్వకు. కదలకుండా వేలాడే బరువును అది కొన్నాళ్లు మోస్తుందేమో గానీ, రోజంతా అదిరే బరువును మోయలేదు. హాల్లో ఫాల్స్ సీలింగ్ చేయిస్తామన్నావు. ఆ జిప్సం బోర్డు దేన్నీ మోయదు. బోర్డుకు రంధ్రం పెట్టించి, పొడుగు రాడ్డు అందులోంచి పైకి పోయి అసలు శ్లాబ్‌లో ఉన్న కొక్కేనికే తగిలేలా చూసుకో. సీలింగ్ వాళ్లు బోర్డు కొట్టేసి వెళ్లాక ఈ మాట గుర్తొస్తే మళ్లీ పగలగొట్టాల్సి వస్తుంది, కాబట్టి ముందే చెప్పు.

కొక్కెం తర్వాత రాడ్డు పైకొస. అక్కడ ఒక రబ్బరు బుష్ ఉంటుంది, కొక్కెం మీద కూర్చునేది అదే. దాంట్లోంచి ఒక బోల్టు, బోల్టుకు నట్టు, నట్టు బయట బోల్టు చివర చిన్న రంధ్రంలో స్ప్లిట్ పిన్. రెండు కాళ్ల సన్నటి తీగలా ఉంటుంది. దాన్ని రంధ్రంలో దూర్చితే సరిపోదు, అవతల కాళ్లు రెండూ చెరోవైపు విడదీసి వంచాలి. అదురుకు నట్టు మెల్లగా వదులవుతూ వచ్చినా పడిపోకుండా ఆపేది ఆ పిన్నే. రాడ్డు కింద మోటారు దగ్గర కూడా ఇలాంటి బోల్టు, పిన్ను ఉంటాయి. తొందరలో పిన్ను దూర్చి వదిలేసే వాళ్లను చాలామందిని చూశాను. రాడ్డు పైన ఉండే గిన్నెలాంటి కప్పు మూసేస్తే ఇక ఎవరికీ కనబడదు. అందుకే కప్పు పైకి తొయ్యకముందే ఫోనుతో రెండు చోట్లా ఫొటో తీసి చూపించమను. అలా అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు, అనుకున్నా ఫరవాలేదు. కొన్ని ఫ్యాన్లతో సేఫ్టీ తీగ కూడా ఇస్తారు. ఇస్తే తప్పకుండా కట్టించు, పెట్టెలోనే వదిలేయనివ్వకు.

ఇక ఫ్యాన్ ఎంపిక. మామూలు పడకగదికి రెక్కలు తిరిగే వలయం అడ్డంగా 1200 మిల్లీమీటర్లు ఉన్నది, అంటే 48 అంగుళాలది సరిపోతుంది. చిన్న గదికి, వంటింటికి 900 చాలు. మీ హాలు పొడుగ్గా ఉంది కనుక ఒక్క పెద్ద ఫ్యాన్ కంటే రెండు 1200వి మేలు, లేకపోతే ఒక మూల కూర్చున్నవాళ్లకు గాలే అందదు. వేగం చూసి మోసపోకు. రెక్క వెడల్పు, దాని వాలు సరిగా లేకపోతే ఎంత గిర్రున తిరిగినా చప్పుడే మిగులుతుంది. పెట్టె మీద నిమిషానికి ఎన్ని క్యూబిక్ మీటర్ల గాలి ఇస్తుందో రాసి ఉంటుంది. 1200 ఫ్యాన్‌కు అది 210కి అటూఇటూగా ఉంటే మంచిదే.

బీఎల్‌డీసీనా, అంటే బ్రష్‌లు లేని డీసీ మోటారుతో తిరిగేదా, మామూలుదా అన్నావు. మామూలు ఫ్యాన్లు ఇదివరకు 75 వాట్ల దాకా తీసుకునేవి, ఇప్పుడొచ్చేవి 50 వాట్ల చుట్టుపక్కల తీసుకుంటాయి, బీఎల్‌డీసీ 30 వాట్ల చుట్టుపక్కల. రోజుకు 12 గంటలు తిరిగితే ఇప్పటి మామూలుది 0.6 యూనిట్, బీఎల్‌డీసీ 0.36. ఏడాదికి లెక్కేస్తే ఒక్కో ఫ్యాన్ మీద దాదాపు 90 యూనిట్లు మిగులుతాయి. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద కూడా ఎక్కువసేపు వస్తుంది. అయితే దాని లోపల ఎలక్ట్రానిక్ బోర్డు ఉంటుంది, అది పోతే బోర్డు మొత్తం మార్చాలి. మామూలు ఫ్యాన్‌ను ఏ మెకానిక్ అయినా బాగుచేస్తాడు. పడకగదులకు, హాలుకు బీఎల్‌డీసీ పెట్టుకో. ఎప్పుడో ఒకసారి వేసే గదికి మామూలుది చాలు. ఒక్క జాగ్రత్త, రిమోట్‌తో నడిచే బీఎల్‌డీసీని గోడ మీది రెగ్యులేటర్ గుండా కలపకూడదు. ఆ రెగ్యులేటర్ తీసేసి స్విచ్ నుంచి నేరుగా వైరు ఇప్పించు.

రెక్కలు నేలకు ఏడున్నర అడుగులకు పైనే ఉండాలి, 8 నుంచి 9 అడుగులైతే గాలి బాగా తగులుతుంది. శ్లాబ్‌కు మరీ ఆనుకుని పెడితే పైనుంచి గాలి లాగలేదు, ఒక అడుగు ఎడం వదలాలి. గోడకు అడుగున్నర దూరం. పిల్లాడి గదిలో రెండంతస్తుల మంచం వేద్దామనుకుంటున్నావు కదా, ఆ గదిలో ఫ్యాన్ కిందికి మంచం అసలు రానివ్వకు. వాడు పై మంచం మీద నిలబడి చెయ్యెత్తితే ఏమవుతుందో నేను రాయక్కర్లేదు. ఇంకో మాట, లైటు రెక్కల పైన పడితే గదంతా నీడలు గిరగిరా తిరిగి కళ్లు లాగుతాయి. లైటు గోడ మీదికి, రెక్కల కంటే కిందికి మార్పించు.

వైరింగ్‌లో నువ్వు చూడాల్సింది ఒకటే, స్విచ్ కరెంటు వచ్చే ఫేజ్ వైరు మీద ఉండాలి. కరెంటు తిరిగి పోయే న్యూట్రల్ వైరు మీద పెడితే స్విచ్ ఆపినా ఫ్యాన్‌లో కరెంటు ఉంటుంది. ఆకుపచ్చ ఎర్త్ వైరు వదిలేయకుండా మోటారు బాడీకి కలపాలి. అల్లుడుగారు నిచ్చెన ఎక్కి తానే చూస్తానంటే, స్విచ్ ఆపి ఊరుకోవద్దను, కరెంటు బోర్డులో ఆ లైనును ఆపే మీట, ఎంసీబీ, దించి, టెస్టర్ పెట్టి చూసుకున్నాకే చెయ్యి పెట్టమను.

తర్వాత తర్వాత ఫ్యాన్ తన బాధ తానే చెబుతుంది, వింటే చాలు. మామూలు ఫ్యాన్ గాలి తగ్గిందంటే ఎక్కువసార్లు కండెన్సరే, మోటారు తిరగడానికి ఊపునిచ్చే చిన్న డబ్బా అది. స్విచ్ వేస్తే బుయ్యిమని నిలబడిపోయి, కర్రతో తోస్తే తిరుగుతుందా, అదీ కండెన్సరే. పాతదాని మీద 2.5 మైక్రోఫారడ్ అని ఉంటే కొత్తదీ అంతే వేయించు. వేగం పెరుగుతుందని పెద్దది వేస్తారు కొందరు, వైండింగ్ వేడెక్కి కాలిపోతుంది. కండెన్సర్ మార్చాక గాలి కిందికి రాకపోతే వైర్లు అటూఇటూ అయ్యి వెనక్కి తిరుగుతోందని అర్థం. కింద నిలబడి చూస్తే మామూలుగా గడియారం ముల్లుకు ఎదురుగా తిరగాలి. గరగరమని రాపిడి చప్పుడొస్తే బేరింగ్ అరిగింది. టకటకమంటే ముందు రెక్కల మరలు బిగించి చూడండి.

ఊగుతుంటే మాత్రం వాయిదా వెయ్యకు. ఫ్యాన్ ఆపి, ఒక్కో రెక్కను ఒకే చోటికి తిప్పి, కొస నుంచి శ్లాబ్ దాకా టేపుతో కొలవండి. ఒక రెక్క అర అంగుళం దిగితే చాలు, మొత్తం ఊగుతుంది. అందుకే తుడిచేటప్పుడు రెక్కను పైకి నొక్కకూడదు, ఒక చెయ్యి పైన, ఒక చెయ్యి కింద పట్టి తుడవాలి. పాత దిండు గలేబు రెక్కకు తొడిగి లాగితే దుమ్ము మంచం మీద పడకుండా అందులోనే పడుతుంది. దుమ్ము ఎక్కువ పేరుకునేది రెక్క ముందంచు మీదే. నెలకోసారి చాలు. మూడు రెక్కలూ ఒకే సెట్టువి, బరువు సరిచూసి పంపుతారు, ఒకటి వంగితే సెట్టు మొత్తం మార్చండి. ఏడాదికోసారి రాడ్డు పైనున్న కప్పు దించి పిన్ను, రబ్బరు చూడాలి. రబ్బరు చితికిపోతే ఇనుముకు ఇనుము రాసుకుని కొక్కెమే అరిగిపోతుంది.

గదిలో ఎవరూ లేనప్పుడు ఫ్యాన్ ఆపెయ్యి. అది గదిని చల్లబరచదు, ఒంటి మీది చెమటను ఆరబెడుతుంది. ఖాళీ గదిలో తిరిగితే మోటారు వేడి తప్ప ఏమీ మిగలదు.

అన్ని కొక్కేల ఫొటోలు దగ్గరనుంచి తీసి పంపు. నేల నుంచి శ్లాబ్ దాకా ఎత్తెంతో, ఫాల్స్ సీలింగ్ ఎంత కిందికి దించుతున్నారో కూడా కొలిచి రాయి. ఏ గదికి ఎంత రాడ్డో లెక్క చూసి చెబుతాను. అప్పటిదాకా ఫ్యాన్లు కొనకు.

ఆశీస్సులతో,
నాన్న