దూడ పుట్టిన మొదటి రోజు

రాఘవా,

ఆవు నెలాఖరుకి ఈనుతుందని రాశావు. దాణా, పాక, టీకాలు అన్నీ అడిగావు గానీ ముర్రుపాల మాటే ఎత్తలేదు. మిగతావి తర్వాత చూద్దాం, ముందు ఇది చదువు.

మనుషుల్లో బిడ్డకి తల్లి యాంటీబాడీలు, అంటే రోగాలతో పోరాడే మాంసకృత్తులు, కడుపులో ఉండగానే మాయ గుండా చేరతాయి. ఆవు మాయలో తల్లి రక్తానికీ పిల్ల రక్తానికీ మధ్య పొరలు ఎక్కువ. అంత పెద్ద మాంసకృత్తులు వాటిని దాటలేవు. కాబట్టి నేలమీద పడేసరికి దూడ రక్తంలో యాంటీబాడీలు దాదాపు ఉండవు. అవన్నీ ముర్రుపాలలోనే అందాలి.

దానికీ గడువుంది. పుట్టిన కొత్తలో దూడ పేగు యాంటీబాడీలను అరిగించకుండా ఉన్నవున్నట్టే రక్తంలోకి పంపుతుంది. ఆరేడు గంటలు దాటితే ఆ శక్తి బాగా తగ్గి, 24 గంటలకల్లా దారి మూసుకుపోతుంది. అందుకే మాయ పడేదాకా ఆగుదాం అనుకోకు. మాయ పడడానికి 12 గంటలు పట్టినా మామూలే, దూడ పేగు మాత్రం అంతసేపు ఆగదు.

దూడ బరువులో పదో వంతు పాలు కావాలి. 30 కిలోల దూడైతే 3 లీటర్లు. మొదటి విడత రెండు గంటల్లోపు పట్టి, నాలుగు గంటలకల్లా ఆ 3 లీటర్లూ పూర్తిచెయ్యి. పది పన్నెండు గంటలకి ఇంకో లీటరున్నర. పొదుగు దగ్గర వదిలేస్తే తాగినట్టే కనిపిస్తుంది గానీ ఎంత తాగిందో తెలీదు. పితికి కొలిచి పట్టడమే నాకు నమ్మకం. ఈనాక మొదట పితికినవే పట్టు, రెండో పూట పాలలో యాంటీబాడీలు బాగా తగ్గిపోతాయి. పొదుగు కడిగి తుడిచి, శుభ్రమైన గిన్నెలో పితుకు. పాలలో సూక్ష్మక్రిములు చేరితే యాంటీబాడీలు ఒంటబట్టవు.

చల్లారితే పొయ్యిమీద పెట్టకు. మరిగితే గడ్డకట్టేస్తాయి, అలా గడ్డకట్టే మాంసకృత్తుల్లో మనకి కావలసిన యాంటీబాడీలూ ఉన్నాయి. 50 డిగ్రీల వేడినీళ్లలో గిన్నె ఉంచి, పాలు 38 డిగ్రీలకి రాగానే తీసెయ్యి.

ఎలా పడతామన్నదీ ముఖ్యమే. దూడకున్న నాలుగు పొట్టల్లో పుట్టుకతో పనిచేసేది నాలుగోది ఒక్కటే. దూడ చీకినప్పుడు అన్నవాహిక చివర ఒక మడత గొట్టంలా ముడుచుకుని పాలను నేరుగా అక్కడికి చేరుస్తుంది. చీకకపోతే ఆ మడత సరిగా మూసుకోదు, పాలు మొదటిదైన పెద్దపొట్టలో పడి పులిసి, కడుపుబ్బరం, పారుడు వస్తాయి. చీకే పీక ఉన్న సీసా తీసుకుని తల్లి పొదుగు ఎత్తున పట్టుకో. తల వెనక్కి వంచి నోట్లో పొయ్యడం మాత్రం ఎప్పుడూ వద్దు. పాలు ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది, బతికించుకోవడం కష్టం.

బొడ్డు సంగతి చిన్నదే. 7 శాతం టింక్చర్ అయోడిన్ చిన్న గిన్నెలో పోసి బొడ్డుతాడు మొత్తం అందులో ముంచు, పైపైన చల్లితే చాలదు. వదిలేస్తే క్రిములు అటునుంచి ఎక్కి కీళ్లు వాస్తాయి.

రెండో రోజు డాక్టరుగారిచేత దూడ రక్తం తీయించి సీరం ప్రోటీన్, అంటే రక్తంలోని నీటిభాగంలో ఉండే మాంసకృత్తులు, చూపించు. 100 మిల్లీలీటర్లకి 5.5 గ్రాములు దాటితే పాలు బాగా ఒంటబట్టినట్టే.

ఆవు ఈనగానే టైము రాసిపెట్టుకుని నాకు ఫోన్ చెయ్యి, అర్ధరాత్రయినా సరే.

నీ
సుధాకర్