పోయినవాడి మీద తోసేయడం తేలిక

సంపాదకుడు గారికి నమస్కారం.

అహ్మదాబాద్‌లో కూలిన ఎయిరిండియా విమానం గురించి వారం కిందట మీ మొదటి పేజీలో వచ్చిన వార్త చదివినప్పటి నుంచి మనసు మనసులో లేదు. అమెరికా పత్రికల్లో వచ్చిన కథనాన్ని పట్టుకుని కెప్టెనే ఇంజిన్లు ఆపేశాడన్నట్టు రాశారు. నిన్న రాత్రి టీవీ చర్చలో అయితే యాంకర్ గారు బల్ల మీద రెండు స్విచ్‌ల బొమ్మ పెట్టుకుని, ఎలా ఆపి ఉంటాడో చేత్తో చేసి మరీ చూపించారు. ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

ఆ ప్రమాదంపై దర్యాప్తు చేస్తున్నవాళ్లు ఇచ్చిన ప్రాథమిక నివేదిక పదిహేను పేజీలు. మా అబ్బాయి చదివి చెప్పాడు, అర్థం కానివి రెండోసారి చదివించుకున్నాను. విమానం లేచిన కాసేపటికే ఒక్క సెకను తేడాతో ఇంజిన్లకు ఇంధనం వదిలే రెండు ఫ్యూయల్ స్విచ్‌లూ రన్ (ఇంధనం పోయే స్థానం) నుంచి కటాఫ్‌కి (ఇంధనం ఆగే స్థానం) మారాయి. ఎందుకు ఆపావని ఒక పైలట్ అడిగాడు. నేను ఆపలేదని రెండో పైలట్ అన్నాడు. పది సెకన్లకు ఒక స్విచ్, మరో నాలుగు సెకన్లకు రెండోది మళ్లీ రన్‌కి వచ్చాయి. అడిగిందెవరో, బదులిచ్చిందెవరో అందులో లేదు. వాళ్లన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు కూడా ఇవ్వలేదు. 260 మంది ప్రాణాలు పోయిన విషయంలో సగం మాట బయటపెట్టి సగం దాచుకుంటే, ఆ ఖాళీని జనం తోచినట్టు నింపుకోరా? ఇప్పుడు ఊహాగానాలు వద్దంటున్న అధికారులే వాటికి చోటిచ్చారు. అమెరికా దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ అధ్యక్షురాలు కూడా ఈ కథనాలు తొందరపాటువని చెప్పారు. ఆ మాట మీ పత్రికలో లోపలి పేజీలో నాలుగు లైన్లు వచ్చింది.

నేను ముప్పై ఒక్క ఏళ్లు ప్రైవేటు బస్సుల గ్యారేజీలో మెకానిక్‌గా చేశాను. ఒకసారి అర్ధరాత్రి మా బస్సు సూర్యాపేట దాటాక రోడ్డు దిగి చెట్టును గుద్దింది. డ్రైవర్ అక్కడికక్కడే పోయాడు. తెల్లారేసరికి అందరిదీ ఒకటే మాట, కునుకు తీశాడని. ఓనరూ అదే అన్నాడు, కాగితాల్లోనూ అదే ఎక్కింది. బండిని లాక్కొచ్చాక కింద పడుకుని చూశాను. స్టీరింగ్‌ను చక్రాలకు కలిపే కడ్డీ, డ్రాగ్ లింక్, ఊడి వేలాడుతోంది. నట్టు ఊడిపోకుండా పట్టి ఉంచాల్సిన స్ప్లిట్ పిన్ లేదు. ఆ పిన్ కన్నంలో గ్రీజూ దుమ్మూ కలిసి రాయిలా గట్టిపడి ఉంది. అంటే అది ఆ రాత్రి ఊడిన పిన్ కాదు, నెలల నుంచీ లేనిది. చెప్పబోతే నోరు మూసుకోమన్నారు, ఉద్యోగం పోతుందని నేనూ మూసుకున్నాను. నీ మొగుడు నిద్రపోయి నలుగురిని చంపాడన్న మాట ఆయన భార్య బతికినంత కాలం పడింది.

బోయింగ్ కంపెనీ 737 మ్యాక్స్ విమానాల విషయంలో జరిగింది ఇదే కదా. 2018 అక్టోబరులో ఇండోనేషియాలో 189 మంది, 2019 మార్చిలో ఇథియోపియాలో 157 మంది పోయారు. మొదట ఆ దేశాల పైలట్లకు నడపడం రాదన్నారు. తీరా చూస్తే ఒకే ఒక్క సెన్సర్ తప్పు చెప్పడంతో ఎంక్యాస్ అనే సాఫ్ట్‌వేర్ విమానం ముక్కును కిందికి తోస్తూ పోయింది. అలాంటిదొకటి ఉందని పైలట్ల మాన్యువల్‌లోనే రాయలేదు. 2024 జనవరిలో అలాస్కా ఎయిర్‌లైన్స్ వారి 737 మ్యాక్స్ విమానానికి గాల్లో ఉండగా డోర్ ప్లగ్, అంటే తలుపు చోటును మూసే పలక, ఊడిపోయింది. దాన్ని పట్టి ఉంచాల్సిన నాలుగు బోల్టులూ ఫ్యాక్టరీలోనే పెట్టలేదు. అది చదివిన రోజు ఆ స్ప్లిట్ పిన్ కన్నమే నా కళ్ల ముందు మెదిలింది.

అంతమాత్రాన అహ్మదాబాద్‌లోనూ బోయింగ్‌దే తప్పని నేననను. అక్కడ కూలింది బోయింగ్ 787, అది వేరే విమానం. పైలటే ఆపి ఉండొచ్చు కూడా. ఆధారం చూపించి చెప్పండి, ఒప్పుకుంటాం.

నాకు మింగుడుపడనిది ఇంకొకటుంది. ఈ ఫ్యూయల్ స్విచ్‌లు పొరపాటున కదలకుండా పట్టి ఉంచే లాకింగ్ చూసుకోమని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ 2018 డిసెంబరులోనే చెప్పింది. అది సలహాయే గానీ తప్పనిసరి కాదు కాబట్టి ఎయిరిండియా తనిఖీ చేయలేదని నివేదికలోనే ఉంది. ప్రమాదం తర్వాత మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2025 జులై 14న ఆదేశమిచ్చి 21లోగా చూడమంది. చూశామనీ, లోపమేమీ లేదనీ ఎయిరిండియా 22న ప్రకటించింది. సంతోషమే. వారంలో అయిపోయే పని ఆరున్నరేళ్లు ఎందుకు పక్కన పడి ఉంది? గుల్జార్ హౌజ్ అగ్నిప్రమాదంలో 17 మంది పోయాకే మనకు ఫైర్ సేఫ్టీ గుర్తొచ్చింది. పాశమైలారంలో పేలుడు జరిగాకే ఫ్యాక్టరీల తనిఖీల మాటెత్తారు. శవాలు లేస్తే తప్ప ఫైలు కదలదా?

బోయింగ్ 737 తోక మీది నిలువు రెక్క మన ఆదిభట్లలోనే తయారవుతోంది. మా కాలనీ పిల్లలు ఇద్దరు ఆ చుట్టుపక్కల విమాన భాగాల పనిలోనే ఉన్నారు. మాకది గర్వం. అందుకే అడిగే హక్కు కూడా మాకుందనుకుంటాను.

పౌర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు గారు మన శ్రీకాకుళం మనిషి. కాక్‌పిట్ మాటలు పూర్తిగా, ఎవరన్నది వాళ్ల పేరుతో బయటపెట్టించాలని ఆయనను కోరుతున్నాను. 2019లో, 2023లో ఆ విమానానికి ఈ స్విచ్‌లు ఉండే భాగాన్ని, థ్రాటిల్ కంట్రోల్ మాడ్యూల్‌ను, మార్చారని నివేదికలో ఉంది. ఆ రికార్డులు కూడా జనం ముందు పెట్టాలి.

మీకు కూడా ఒక మనవి. ఆ కెప్టెన్‌కి వృద్ధుడైన తండ్రి ఉన్నారు, ఆయన ఇంటికీ పేపరు వస్తుంది. తుది నివేదిక వచ్చిన రోజు అందులో ఏమున్నా సరే, దాన్ని కూడా మొదటి పేజీలోనే, ఇంతే పెద్ద అక్షరాల్లో వేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ బస్సు మెకానిక్,
వనస్థలిపురం, హైదరాబాద్
25 జులై 2025